అత్తమ్మ కంటికట్టు విప్పేలోపు

దసరా వెళ్లిన నాలుగో రోజున మా అత్తమ్మ కుడికంటి ఆపరేషన్‌కు తేదీ ఖాయమైంది. మోతిబిందు, అదే కంట్లో శుక్లం, బాగా ముదిరిందని, ఇక ఆగొద్దని డాక్టరు చెప్పాడు. మధ్యలో తొమ్మిది రోజుల గడువుంది. కండ్ల దవాఖానా మెట్లు దిగుతూ మా ఆయన తల్లి చెయ్యి పట్టుకుని, "ఇంకేం ఫికర్ లేదమ్మా, దివాళికి దీపాలు మంచిగ కనవడ్తయి నీకు" అన్నాడు. ఆమె సరేనన్నట్టు తల ఊపింది. మందుల సంచి పట్టుకుని వెనక దిగుతున్న నాకు మాత్రం ఇంకో సంగతి తట్టింది. దీపాలతో పాటు ఇల్లంతా కనబడుతుంది ఆమెకు.

అత్తమ్మకు అప్పటికి డెబ్బై మూడేళ్లు. నాందేడ్ జిల్లా హిమాయత్‌నగర్ దగ్గర పల్లెలో పుట్టి, పత్తిచేలల్లో పెరిగి, పెళ్లయ్యాక నాందేడ్ వచ్చింది. పండుగ ముందు ఆమె ఇల్లు దులపడం గురించి చుట్టాలు కథలుగా చెప్పుకునేవారు. డబ్బాలన్నీ బోర్లించేది. మంచాలు ఎత్తి కోళ్ల కింద కూడా కడిగేది. నేను కోడలిగా వచ్చిన మొదటి దీపావళికి నేను తోమిన ఇత్తడి బిందెను ఒక్క మాట కూడా అనకుండా తీసుకెళ్లి మళ్లీ తోమింది. ఆ మౌనం నాకు తిట్టుకంటే ఎక్కువ తగిలింది. తర్వాతి ఇరవై ఏళ్లు ఆమె మళ్లీ తోమే అవసరం రాకుండా తోమడమే నా పట్టుదల.

మూడేళ్లుగా ఆమె చూపు మసకబారుతూ వచ్చింది. ఒప్పుకునేది కాదు. "కరెంటు తక్కువస్తుంది" అనేది. బియ్యంలో రాళ్లు ఏరమంటే "ఈసారి బియ్యం మంచిగనే ఉన్నయి" అని చేట పక్కన పెట్టేది. అయితే ఇల్లు శుభ్రంగా ఉందా లేదా అని చూడటం మాత్రం మానలేదు. కండ్లకు బదులు చేతులతో చూసేది. బల్ల అంచు వెంట వేలు రాసేది, గ్యాస్ పొయ్యి పక్క గట్టును అరచేత్తో తడిమేది, నేల మీద చెప్పుల్లేకుండా నడిచి అరికాలికి ఇసుక తగులుతుందేమో చూసేది.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. ఆమె చెయ్యి తగిలే చోటు వరకే నేను శుభ్రం చేయడం మొదలుపెట్టాను. నేల, గట్టు, బల్లల అంచులు, తలుపుల గొళ్లాలు అద్దంలా ఉంచేదాన్ని. పొయ్యి వెనక గోడ గానీ, భుజం కంటే ఎత్తున ఉన్నవి గానీ ముట్టుకోలేదు. మొదటి ఏడాది తెలియకుండానే అలా జరిగిపోయింది. రెండో ఏడాది తెలిసే చేశాను. నేను ధర్మాబాద్‌లో ఒక బడి ఆఫీసులో గుమస్తాను. పొద్దున ప్యాసింజర్ బండికి వెళ్లి చీకటి పడే వేళకు ఇల్లు చేరతాను. ఓపిక లేదన్నది నిజమే. ఆమెకు కనబడదన్న ధైర్యం ఉందన్నదీ నిజమే.

ఆమెను ఆపరేషన్‌కు ఒప్పించింది మేము కాదు, మంట. నవరాత్రుల్లో మా ఇంట్లో తొమ్మిది రోజులూ దీపం కొండెక్కకుండా చూసుకుంటాం. దేవుని గూడు వంటింట్లోనే, తూర్పు గోడలో ఉంది. ఏడో రోజు పొద్దున అత్తమ్మ పీట మీద నిలబడి దీపంలో నూనె పోస్తోంది. నేను ఈ పక్కన జొన్నరొట్టె తడుతున్నాను. నూనె సగం దీపంలో, సగం బయట పడింది. ఇంకా ముందుకు వంగి చూస్తుంటే కొంగు వత్తికి ఆనింది. వాసనకు తిరిగి చూసేసరికి కొంగు అంచు ఎర్రగా మండుతోంది. పిండి చేతులతోనే చెంబు నీళ్లు గుమ్మరించాను. ఒంటికేమీ కాలేదు. జానెడు బట్ట కాలింది. ఆమె అక్కడే కింద కూర్చుండిపోయి, కాలిన కొంగు వేళ్లతో తడుముతూ, "నాకు ఒక్క దీపం మూడు దీపాల లెక్క కనవడ్తుంది పిల్లా" అంది. మూడేళ్లలో ఆమె ఒప్పుకున్న మొదటి మాట అది. దసరా కాగానే దవాఖానాకు వచ్చింది.

తేదీ ఖాయమైన మర్నాడు రైలులో కూర్చుని కాగితం తీశాను. ముద్ఖేడ్ దాటేసరికి ఇరవై మూడు పనులు రాశాను. సజ్జ మీది సామాను, బీరువాలు, కిటికీ జాలీలు, ఫ్యాన్లు, పరుపులు ఎండబెట్టడం, వంటింటి గోడ, డబ్బాలు, సామాన్ల గది, డాబా మీద పేరుకున్న చెత్త, పైపుల కింద పాకుడు, ఇలా రాస్తూనే ఉన్నాను. రాసేకొద్దీ ఊపు వచ్చింది. చదివేకొద్దీ ఆ ఊపు పోయింది.

ఎందుకంటే ఇలాంటి కాగితం అంతకుముందు కూడా ఒకసారి రాశాను. అయిదారేళ్ల కింద, దీపావళి రెండు రోజులుందనగా, తలుపు పైన సామాన్లు పెట్టే సజ్జతో పని మొదలుపెట్టాను. పాత ట్రంకులు, రాగి అండాలు, చుట్టిన చాపలు, పగిలిన కూలర్ అన్నీ కిందికి దించాను. మర్నాడు జ్వరం వచ్చి పడిపోయాను. లక్ష్మీపూజ రోజు మా ముందుగదిలో ట్రంకుల మధ్య నడవడానికి జానెడు దారి మిగిలింది. పసుపు కుంకుమకు వచ్చిన పక్కింటి మరాఠీ పిన్ని, మేం కాకు అంటాం, గడప దగ్గరే ఆగి, "ఊరు మారుతున్నారా?" అని అడిగింది. అత్తమ్మ ఆ మాట ఏడాది పొడవునా తలుచుకుంది.

ఈసారి ఆ గతి పట్టకూడదు. ఉమ్రీ స్టేషన్‌లో బండి ఆగింది. కాగితం వెనక్కి తిప్పి, నా దగ్గర ఉన్న సమయం ఎంతో రాశాను. పొద్దున అయిదు నుంచి ఆరు దాకా రోజుకు గంట. ఒక ఆదివారం పూర్తిగా. అంతే. వంట, బండి, ఆఫీసు, మళ్లీ వంట పోగా నాది అనేది అంతకు మించి లేదు. ఆ గంటలకు ఎన్ని పనులు పడితే అన్నే ఉంచాలి. ఇంకో నియమం కూడా పెట్టుకున్నాను. ఆ రోజు తెరిచింది ఆ రోజే మూయాలి. మూయలేనిది అసలు తెరవకూడదు.

అలా చూస్తే సజ్జ పోయింది. బీరువాలు పోయాయి. సామాన్ల గది పోయింది, దాని తలుపుకు గొళ్లెం ఉంది గనక. డాబా పోయింది, ఆమె ఎలాగూ మెట్లెక్కదు. కొట్టేస్తుంటే ప్రతి గీతకూ ప్రాణం గిలగిలలాడింది. ధర్మాబాద్ చేరేసరికి అయిదు మిగిలాయి. ఇంటి పైకప్పుకు బూజు, పొయ్యి వెనక గోడ, అత్తమ్మ గదిలో ఫ్యాన్, ఆ గది కిటికీ, పరుపు మీది బట్టలూ కర్టెన్లూ. ఆరోదాని దగ్గర "దేవుని గూడు" అని రాసి, కొట్టేయలేక, ఉంచలేక, పక్కన ప్రశ్న గుర్తు పెట్టాను.

ఆ సాయంత్రం కాగితం చూసి మా ఆయన నవ్వాడు. ఆయనకు రైల్వేలో షిఫ్టు పని. ఇంటి పని విషయంలో మాటలు పెద్దవి.

"గీ అయిదేంది? రంగులేపిద్దాం ఇల్లంత. పండుగకు కొత్తగుంటది. అమ్మ చూసి ఖుష్ అయితది" అన్నాడు.

"రంగులేసేటోళ్లు ఎప్పుడొస్తరు?"

"రేపు మాట్లాడ్త."

"మాట్లాడుతరు. వాళ్లు సగం గోడ గీకి పోతరు, దివాళి అయినంక అస్తరు. ఆపరేషన్ అయిన మనిషి ఆ సున్నపు దుమ్ములో పండుకోవాలెనా?"

"మరి నన్నేం జెయ్యమంటవ్?" అన్నాడు కొంచెం తగ్గి. ఫ్యాను, కిటికీ జాలీ ఆయన పేరు మీద రాశాను. రంగుల మాట మళ్లీ ఎత్తలేదు.

మొదటి పొద్దున తలకు తువ్వాలు చుట్టుకుని బూజుకర్ర పట్టుకుంటే, పైకప్పు మూలల నుంచి బూజు తాళ్లు తాళ్లుగా ఊడి వచ్చింది. అత్తమ్మ మంచంలో లేచి కూర్చుంది.

"పైనుంచి ఏందో రాలుతుంది పిల్లా. బల్లి పడ్డదా?"

"బూజు దులుపుతున్న అత్తమ్మా."

"దసరాకు దులపలేదా?"

"మళ్ల పట్టింది" అన్నాను. ఆ అబద్ధం చెబుతున్నప్పుడు నా ముక్కు మీద మూడేళ్ల దుమ్ము ఉంది.

పొయ్యి వెనక గోడ మూడు పొద్దులు తిన్నది. ఒకటే అనుకున్నాను. తాలింపు జిడ్డు మీద దుమ్ము, దుమ్ము మీద మళ్లీ జిడ్డు. వేడినీళ్లలో సోడా, చింతపండు కలిపి, పాత గుడ్డ ముంచి, ఒక్కో టైల్ పలకకు అద్ది, నానాక గీకాను. రెండో పొద్దున గోళ్లు మంటెత్తాయి. ఆ రోజు బండి కూడా అరగంట ఆలస్యమైంది. ప్లాట్‌ఫారం మీద నిలబడి వేళ్లు చూసుకుంటూ, ఇవాళ్టి పని రేపటికి జరిగింది కాబట్టి రేపటిది ఏదో ఒకటి పోవాలి అని లెక్క వేసుకున్నాను. కర్టెన్లు ఉతకడం పోయింది. వాటిని విప్పి, మడిచి, సామాన్ల గదిలో పెట్టేశాను. కర్టెన్ లేని కిటికీ మాసిన కర్టెన్ ఉన్న కిటికీ కంటే నయం. ఇదివరకైతే ఆ ఒక్క పని తప్పినందుకు మొత్తం మీద విసుగొచ్చి వదిలేసేదాన్ని. ఈసారి వదల్లేదు. మూడో పొద్దున జిడ్డు కింద నుంచి పలకల మీది ఎర్రపూలు బయటపడ్డాయి. అవి ఉన్నాయనే మరిచిపోయాను.

ఆదివారం మా ఆయన ఫ్యాను రెక్కలు విప్పి పంపు కింద కడిగాడు. బిగించేటప్పుడు ఒక మర కనబడక గంట వెతికాడు. ఆయన జేబులోనే దొరికింది. పరుపు ఎండలో వేసి కర్రతో కొట్టాను. కిటికీ జాలీ రెండుసార్లు కడిగితే గానీ ఇంట్లోకి వెలుతురు రాలేదు. అత్తమ్మ ఆ వెలుతురును ముఖం మీద పట్టుకుని కూర్చుంది.

ఇక మిగిలింది ప్రశ్న గుర్తు.

దేవుని గూడు అత్తమ్మది. నా పెళ్లయిన నాటి నుంచి ఆ గూట్లో నా చెయ్యి పడింది లేదు. తలస్నానం చేసి, వేరే ఉంచుకున్న చీర కట్టుకుని, ఆమే తుడిచేది, ఆమే కడిగేది. మూడేళ్లుగా అలాగే, కనబడని కండ్లతోనే చేస్తోంది. కింది నుంచి చూస్తే నాకు అన్నీ తెలిసేవి. దీపం పొగకు వెనక గోడ నల్లబడింది. పటాల అద్దాల మీద నూనె చేతులతో పెట్టిన కుంకుమ గడ్డకట్టి దేవుళ్ల ముఖాలు మూసుకుపోయాయి. పటాల వెనక ఎండిన బంతిపూలు ఇరుక్కున్నాయి, వాటికి చీమలు పట్టాయి. ఇంట్లో అన్నిటికంటే మురికి చోటు అదే. ఆమె అన్నిటికంటే శుభ్రంగా ఉంచానని నమ్మే చోటూ అదే.

ఆపరేషన్ రోజుకూ మర్నాటికీ నేను సెలవు పెట్టాను. పొద్దున ఆమెను లోపలికి తీసుకెళ్లాక, మధ్యాహ్నానికి పథ్యం వండి తెమ్మని మా ఆయన నన్ను ఇంటికి పంపాడు. వెళ్తుంటే వెనక నుంచి, "గా దేవుని గూడు గూడ తుడిచెయ్యి. అమ్మ లేదు గదా. ఆమెకేం తెలుస్తది" అన్నాడు.

అన్నం పొయ్యి మీద పెట్టి, గుడ్డ తడిపి, స్టూలు గూటి దగ్గరికి జరిపి ఎక్కాను. మొదటి పటం మీద చెయ్యి వేశాను. వేసిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. "ఆమెకేం తెలుస్తది" అన్న మాటతోనే నేను మూడేళ్లు గడిపాను. ఇప్పుడు కన్ను వచ్చే రోజున కూడా అదే మాట మీద నడవనా? పైగా ఇది నా గూడు కాదు. శుభ్రం చేస్తే, నా మురికిని దాచినట్టే ఆమె మురికినీ ఆమెకు తెలియకుండా దాచినట్టవుతుంది. చేయకపోతే ఆమె చూసి నొచ్చుకుంటుంది. రెండూ బాగాలేవు. స్టూలు దిగి, గుడ్డ ఉతికి ఆరేసి, పథ్యం డబ్బా పట్టుకుని దవాఖానాకు వెళ్లాను. మంచిపని చేశానన్న నమ్మకం దారి పొడుగునా కలగలేదు.

మర్నాడు పదింటికి కట్టు విప్పారు. డాక్టరు వేళ్లు చూపించి ఎన్నని అడిగితే, "మూడు. నీ ఉంగరం మీద రాయి పచ్చగున్నది" అంది అత్తమ్మ. అందరూ నవ్వారు. కంట్లో నీళ్లు పడొద్దు, దుమ్ము తగలొద్దు, వంగొద్దు, బరువెత్తొద్దు, నల్లద్దాలు తియ్యొద్దు అని చెప్పి పంపించారు. రిక్షాలో గోదావరి వంతెన దాటుతుంటే ఆమె పిట్టగోడ వైపు జరిగి కూర్చుని నది కనబడినంతసేపూ చూసింది.

ఇంట్లోకి వచ్చి ముందు గది పైకప్పు చూసింది. తర్వాత సజ్జ చూసింది.

"దాని మీద గంత దుమ్మేంది?"

"అది ఈ దివాళికి లేదత్తమ్మా. పండుగ అయినంక చేస్త."

"సుట్టాలొస్తే ఏమనుకుంటరు?"

"అనుకోనియ్యండి. ఇప్పుడు తెరిస్తే మళ్ల ఆ ట్రంకుల దివాళి లెక్కనే అయితది." నా గొంతు నేననుకున్న దానికంటే గట్టిగానే వచ్చింది. ఆమె నల్లద్దాల్లోంచి నా వైపు చూసి, వంటింట్లోకి నడిచింది. పొయ్యి వెనక గోడ ముందు ఆగింది.

"ఈ పూలు ఇంక ఎర్రగనే ఉన్నయా? రంగు పోయి మట్టిరంగయినయనుకున్న ఇన్ని రోజులు" అని, వేలితో ఒక పువ్వు చుట్టూ రాసి, వేలు చూసుకుంది. శుభ్రంగా ఉంది. అప్పుడు దండం పెట్టుకోవడానికి తూర్పు గోడ వైపు తిరిగింది.

చేతులు జోడించినవి జోడించినట్టే ఉండిపోయాయి. నల్లద్దాలు కొంచెం పైకెత్తి చూసింది. మళ్లీ దించింది.

"ఇది ఎప్పటి సంది గిట్లున్నది?"

"రెండేండ్లయితుందేమో అత్తమ్మా."

"నువ్వు చూసినవా?"

"చూసిన."

"మరి చెప్పలే?"

"మీరు ముట్టనియ్యరు గదా."

"ముట్టనియ్య. చెప్పొద్దన్ననా?"

ఆమె దండెం మీది తుడిచే గుడ్డ అందుకుంది. నేను వెళ్లి ఆ గుడ్డ ఇంకో కొస పట్టుకున్నాను.

"వద్దత్తమ్మా. దుమ్ము వద్దన్నడు డాక్టరు. వంగొద్దన్నడు."

"దేవుని పనికి డాక్టరేంది? ఇడువు."

"ఇడువ."

ఇరవై నాలుగేళ్లలో ఆమెకు నేను ఎదురు చెప్పింది లేదు. ఇద్దరం ఒక పాత గుడ్డను చెరో కొస పట్టుకుని నిలబడ్డాం. ఆమె పట్టు ఇంకా గట్టిదే. "కన్ను పోతే ఎవరిస్తరు? మీరు కూసోండి. ఎట్ల చెయ్యాల్నో చెప్పండి. మీరు చెప్పినట్టే చేస్త, ఒక్క పువ్వు గూడ మీరు చెప్పకుండ తియ్య" అన్నాను. ఆమె గుడ్డ వదిలేసి, తన గదిలోకి పోయి గోడ వైపు తిరిగి పడుకుంది. మా ఆయన తొంగిచూసి, పరిస్థితి అర్థం చేసుకుని, డ్యూటీకి తొందరగా వెళ్లిపోయాడు.

అరగంట గడిచింది. నేను కంటిచుక్కలు వేయడానికి వెళ్తే తల ఎత్తి వేయించుకుంది. వేయించుకున్నాక అడిగింది.

"తలకు పోసుకున్నవా ఇయ్యాల?"

"ఇంక లేదు."

"పోసుకొని రా. నా పెట్టెల తెల్లంచు చీరున్నది, గది కట్టుకో. గీ దవాఖాన చీర తోని గూట్లె చెయ్యి పెడ్తవా?"

నేను తయారై వచ్చేసరికి ఆమె కుర్చీ వంటింటి గడప అవతల వేసుకుని, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది. దుమ్ము అక్కడి దాకా రాదు. గూడు మాత్రం సూటిగా కనబడుతుంది. అక్కడి నుంచి మొదలైంది ఆమె పెత్తనం. ముందు పూలు, తర్వాత పటాలు, పటాలు తీసే వరుస, పెట్టే చోటు. పీట మీద గుడ్డ పరిచాకే దించాలి. నేను ఒక్కోటి దించుతుంటే ఆమె ముఖం చూడటానికి భయం వేసింది. చీమలు పుట్టగా కదిలాయి. కాలిన అగ్గిపుల్లలు, సగం వత్తులు, ఎలుక కొరికిన కర్పూరం డబ్బా బయటికి వచ్చాయి.

చివరికి వెనక వరుసలోని చిన్న ఇత్తడి విగ్రహాలు మిగిలాయి. వాటి మధ్య అన్నపూర్ణ, బొటనవేలంత ఉంటుంది. తీయబోయి ఆగాను.

"ఏందట్ల చూస్తున్నవ్?"

"అత్తమ్మా, అన్నపూర్ణ గోడ దిక్కు తిరిగున్నది."

"ఇటు చూపెట్టు."

ఉన్నదున్నట్టు పక్కకు జరిగి చూపించాను. అమ్మవారి వీపు మీద, జడ ఉండాల్సిన చోట, కుంకుమ గడ్డ కట్టి ఉంది. రోజూ ఒక బొట్టు చొప్పున ఎన్ని నెలలవో.

అత్తమ్మ మెడ చాచి చూసింది. "ఇన్ని రోజులు అమ్మ వీపుకు బొట్టు పెట్టినా నేను?" అంది. ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని నేను గబగబా దిగాను. నవ్వుతోంది. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. "పాపం, అలిగి గోడకు మళ్లిందనుకో. బువ్వ పెట్టే తల్లికి వీపు మీద నైవేద్యం" అని మళ్లీ నవ్వింది. కంట్లో నీళ్లు వస్తే కన్నుకు మంచిది కాదని నేను అరిచాను, అరుస్తూ నేను కూడా నవ్వాను.

ఆ నవ్వు తగ్గాక చెప్పేశాను. గూడే కాదు, మూడేళ్లుగా ఇల్లంతా ఆమె చెయ్యి అందే మేరకే తుడిచానని, పైన ఏదీ ముట్టుకోలేదని, దసరాకు బూజు దులిపానన్నది అబద్ధమని చెప్పాను. ఆమె నవ్వు పోయింది.

"అందుకే ఇన్ని దినాలు కోడి కూయంగనే లేచినవా?"

"అందుకే."

"తప్పు చేసినవ్" అంది. నేను ఒప్పుకున్నాను. ముక్కుకు అడ్డం పెట్టిన కొంగు సర్దుకుని, "నేను గూడ కరెంటు తక్కువున్నదని అన్న గదా మూడేండ్లు" అంది. మళ్లీ ఆ విషయం మా మధ్య రాలేదు. అన్నపూర్ణను చింతపండుతో రెండుసార్లు తోమించి, మూడోసారి చేతిలోకి తీసుకుని కంటి దగ్గర పెట్టి చూసి, అప్పుడు సరేనంది.

ఆ సాయంత్రం నా కాగితం గురించి అడిగింది. ఆమె చదవదు. నేను చదివి వినిపించాను, మిగిలినవీ, కొట్టేసినవీ. దీపావళికి అయిదు రోజులుంది. ఆమె వెంటనే నాలుగు చేర్చింది, డబ్బాలు, ముందుగది ఫ్యాను, తులసి గద్దె, వీధి గోడ. నేను రోజుకు గంట అని గుర్తు చేశాను. రెండు రోజుల్లో బడికి సెలవులే కదా అంది. సెలవుల్లో చకిలాలు, అటుకుల చివ్డా చేయాలన్నాను. ఆమె వేళ్లు మడిచి లెక్క వేసింది. ముందు వీధి గోడ తీసేసింది. తర్వాత, నేను అడగకుండానే, డబ్బాలు తీసేసింది.

"డబ్బాల మూతలు తుడువు చాలు. లోపట ఎవరు చూస్తరు?"

ఆ మాట ఆమె నోట వినగలనని నేను అనుకోలేదు.

"మరి సజ్జ?" అని అడిగాను.

"ఎడమ కన్ను ఆపరేషన్ సంక్రాంతి అయినంక అన్నడు గద డాక్టరు. గా కన్ను కోసం ఉంచు" అంది.

ఫ్యాను, తులసి గద్దె అనుకున్న రోజుకు అయ్యాయి. నరకచతుర్దశి పొద్దున చీకటి విడవకముందే అందరం నూనె పెట్టుకున్నాం. అత్తమ్మ తల మీద నీళ్లు పోసుకోకూడదు గనక మెడ కిందికి మాత్రం పోశాను. ఆమె పోసినంతసేపూ గొణిగింది. లక్ష్మీపూజ సాయంత్రం ఆమె దీపంలో నూనె పోస్తుంటే నేను పక్కన చెంబు నీళ్లతో నిలబడ్డాను. "పో అవతలికి, కనవడ్తుంది నాకు" అని కసిరింది. ఒక్క చుక్క బయట పడలేదు.

పసుపు కుంకుమకు పక్కింటి కాకు వచ్చింది. ముందుగదిలో కూర్చుని, చకిలం కొరుకుతూ, తల పైకెత్తి సజ్జ వైపు చూసింది. నేను గిన్నె పట్టుకుని గడపలోనే ఆగిపోయాను. అత్తమ్మ కూడా ఆమె చూపు వెంట పైకి చూసింది. తర్వాత తాపీగా, మరాఠీలో, ఆ పని దివాళి తర్వాత పెట్టుకున్నామని చెప్పింది. కాకు తన ఇంట్లో మూడు రోజులుగా అన్నీ దించి పెట్టుకున్నామని, నడుము పట్టేసిందని, ఇంకా సగం కూడా కాలేదని చెప్పుకోవడం మొదలుపెట్టింది. అత్తమ్మ నల్లద్దాలు సర్దుకుని, ఎంతో సానుభూతితో ఆమె నడుము నొప్పి సంగతి వింటూ ఇంకో చకిలం తీసుకుంది.